పదేళ్ల గేమింగ్ పీసీ, చేతిలో 30 వేలు: బాగు చేయించాలా, మార్చేయాలా?

హంద్రీ_ఒడ్డు | కర్నూలు | 23 నవంబర్ 2025, రాత్రి 9:40

అందరికీ నమస్కారం. ఇక్కడ చాలా రోజులుగా చదువుతున్నాను, రాయడం ఇదే మొదటిసారి. కొంచెం పొడవు ఎక్కువైంది, ఓపిగ్గా చదవండి.

2015లో నేను బీటెక్‌లో చేరిన ఏడు పత్తికొండ దగ్గర మా చేనిలో బుడ్డలు బాగా పండాయి. ఆ డబ్బులోంచి నాన్న 42 వేలు చేతిలో పెట్టి "చదువుకు పనికొచ్చేది కొనుక్కో" అన్నాడు. హైదరాబాద్ వెళ్లి ఈ పీసీ కట్టించుకొచ్చాను. ప్రాజెక్టు దీంట్లోనే చేశాను, ఉద్యోగానికి దరఖాస్తులు దీంట్లోనే పెట్టాను, రాత్రుళ్లు ఆటలూ దీంట్లోనే ఆడాను. ఇప్పుడు ఇంటర్ చదివే మా తమ్ముడి చేతిలో ఉంది. డిగ్రీ చదివే చెల్లెలికీ కావాలి.

ప్రాసెసర్: ఐ5-4460
బోర్డు: హెచ్81
ర్యామ్ (పనిచేసేటప్పుడు వాడే మెమరీ): 8 జీబీ డీడీఆర్3, ఒకటే స్టిక్
గ్రాఫిక్స్ కార్డు: జీటీఎక్స్ 750 టీఐ, 2 జీబీ
హార్డ్ డిస్క్: 1 టీబీ, దానికంటే వేగంగా పనిచేసే ఎస్‌ఎస్‌డీ లేదు
ఎస్‌ఎంపీఎస్ (పీసీ భాగాలకు కరెంటు ఇచ్చే పెట్టె): క్యాబినెట్‌తో పాటు వచ్చిందే. 450 వాట్లు అని స్టిక్కర్ ఉంది, కంపెనీ పేరు లేదు
మానిటర్: 22 అంగుళాల ఫుల్ హెచ్‌డీ, ఇది బాగానే ఉంది

సమస్య ఏమిటంటే, వాలొరంట్ గానీ జీటీఏ 5 గానీ, ఏ ఆట మొదలుపెట్టినా పది పదిహేను నిమిషాలు బాగానే నడుస్తుంది. తర్వాత బొమ్మ ఆగి ఆగి వస్తుంది. వారంలో రెండు మూడుసార్లు మొత్తం ఆగిపోతుంది. పైగా విండోస్ 10కి సపోర్ట్ అయిపోయిందని మెసేజ్ వస్తోంది.

జీతంలోంచి దాచింది 30 వేలు ఉంది. ఐ7-4790 ప్రాసెసర్, ఆర్‌ఎక్స్ 580 గ్రాఫిక్స్ కార్డు సెకండ్ హ్యాండ్‌లో కొని దీన్నే లాగించాలా, లేక దీన్ని పక్కన పెట్టి వేరేది కట్టుకోవాలా? ఆ డబ్బు మళ్లీ జమ చేయడానికి నాకు ఏడాది పడుతుంది. అందుకే టెన్షన్‌గా ఉంది.

ఏడురోడ్లు | కడప | 23 నవంబర్ 2025, రాత్రి 10:05

బ్రో, ఎక్కువ ఆలోచించకు. ఆర్‌ఎక్స్ 580 8 జీబీ సెకండ్ హ్యాండ్‌లో ఆరేడు వేలకు దొరుకుతుంది. నేను మూడేళ్లుగా అదే వాడుతున్నా, ఫుల్ హెచ్‌డీలో అన్నీ ఆడుతున్నా. కార్డు మార్చు, ఇంకో 8 జీబీ ర్యామ్ వేయి, మిగిలిన డబ్బు దాచుకో.

ఉగ్గాని_బజ్జి | నంద్యాల | 23 నవంబర్ 2025, రాత్రి 10:50

ఏమీ కొనొద్దు. ముందు ఏది చెడిందో తెలుసుకుందాం.

తమ్ముడూ, నువ్వు రాసినదాంట్లోనే ఒక గుర్తు ఉంది. కార్డుకు శక్తి చాలకపోతే ఆట మొదటి నిమిషం నుంచే నెమ్మదిగా నడవాలి. నీది పదిహేను నిమిషాలు బాగా నడిచి తర్వాత పడిపోతోంది. అంటే ఏదో వేడెక్కుతోంది. పదేళ్ల ప్రాసెసర్ మీద, దాని వేడిని హీట్ సింక్ అనే లోహపు రెక్కలకు చేర్చే పేస్ట్ ఎండి పొడిపొడిగా అయిపోయి ఉంటుంది. ఆ స్థితిలో ఆర్‌ఎక్స్ 580 తెచ్చి పెట్టినా ఇదే జరుగుతుంది. పైగా 750 టీఐ తీసుకునేది 60 వాట్లు, ఆర్‌ఎక్స్ 580 తీసుకునేది 185. పేరులేని ఆ ఎస్‌ఎంపీఎస్ మీద మూడింతల బరువు వేసినట్టు అవుతుంది.

హెచ్‌డబ్ల్యూఇన్ఫో అనే ఉచిత సాఫ్ట్‌వేర్ వేసుకుని, అరగంట ఆడి, మూడు సంగతులు ఇక్కడ రాయి. ప్రాసెసర్ ఎన్ని డిగ్రీలకు పోయింది, దాని వేగం ఎంతకు పడింది, గ్రాఫిక్స్ కార్డు ఎంత శాతం పని చేస్తోంది.

తాడిపత్రి_నాపరాయి | తాడిపత్రి, అనంతపురం జిల్లా | 24 నవంబర్ 2025, ఉదయం 7:15

ఉగ్గాని_బజ్జి అక్క చెప్పిందే నిజం. మా ఇల్లు నాపరాళ్ల పాలిషింగ్ యూనిట్లకు దగ్గర. ఆ తెల్లటి పొడి కిటికీలు మూసినా లోపలికి వస్తుంది. ఎండాకాలం ఎయిర్ కూలర్ పెట్టుకుంటాం కదా, దాని తడిగాలి నేరుగా క్యాబినెట్ మీదికి కొట్టేది. పొడి, తడి కలిసి హీట్ సింక్ రెక్కల మధ్య సిమెంటులా గట్టిపడింది. బ్లోయర్ కొడితే రాలేదు, పళ్లు తోమే బ్రష్‌తో గీకాల్సి వచ్చింది. అప్పటిదాకా కొత్త ప్రాసెసర్ కోసం డబ్బు జమ చేస్తున్నాను. శుభ్రం చేసిన రోజే 25 డిగ్రీలు తగ్గింది.

కూలర్ ఉన్న ఇంట్లో పీసీని ఆ గాలికి ఎదురుగా పెట్టొద్దు. మన బోరు నీళ్లలో ఉప్పు ఎక్కువ, కూలర్ గడ్డి మీద తెల్లగా పేరుకునేది అదే. నీటి తుంపరతో పాటు అది బోర్డు మీదికీ చేరుతుంది.

హంద్రీ_ఒడ్డు | కర్నూలు | 24 నవంబర్ 2025, రాత్రి 9:20

అక్కా, నువ్వడిగినట్టే చూశాను. ప్రాసెసర్ 99 డిగ్రీలు. వేగం 3.2 గిగాహెర్ట్జ్ ఉండాల్సింది 1.6 దాకా పడిపోతోంది. కార్డు 61 డిగ్రీలే, నలభై యాభై శాతం మించి పని చేయట్లేదు.

క్యాబినెట్ తెరిచి చూస్తే ప్రాసెసర్ ఫ్యాన్‌కు ఉండే నాలుగు పిన్నుల్లో ఒకటి పైకి లేచి ఉంది. హీట్ సింక్ ఒక పక్కకు ఒరిగింది. ఎన్నాళ్లుగా అలా ఉందో ఏమో.

ఇంకో మాట. తెరిచేటప్పుడు క్యాబినెట్ తగిలితే చేతికి జుమ్మంది. ఎప్పుడూ ఉండేదే అని తమ్ముడు అంటున్నాడు. అది మామూలేనా?

సీమ_సర్వీస్ | అనంతపురం | 24 నవంబర్ 2025, రాత్రి 10:30

మామూలు కాదు తమ్ముడూ. ఈ రాత్రికి ప్లగ్ తీసేసి పడుకోండి.

నేను పద్దెనిమిదేళ్లుగా కంప్యూటర్ సర్వీస్ చేస్తున్నాను. మన దగ్గర చచ్చిపోయే పీసీల్లో ఎక్కువ వాటికి మూలం కరెంటు, ఎర్త్. ఈ సంగతి విడమరిచి చెప్పాలి.

ఎస్‌ఎంపీఎస్ లోపల, కరెంటు వచ్చే వైపు ఒక ఫిల్టర్ ఉంటుంది. అందులో రెండు చిన్న కెపాసిటర్లు, ఒకటి ఫేజ్ నుంచి, ఇంకొకటి న్యూట్రల్ నుంచి బాడీకి కలిసి ఉంటాయి. బాడీ ఎర్త్‌కు కలిసి ఉంటే ఆ కొద్దిపాటి లీకేజీ నేలలోకి పోతుంది. ఎర్త్ లేకపోతే బాడీ మీద 230లో సగం, అంటే సుమారు 115 వోల్టులు తేలుతూ ఉంటాయి. కరెంటు చాలా తక్కువ కాబట్టి జుమ్మని ఊరుకుంటుంది. కానీ ఆ ఎస్‌ఎంపీఎస్‌లో ఇంకేదైనా చెడి ఫేజ్ నేరుగా బాడీకి తగిలితే ఆపేది ఏదీ ఉండదు. క్యాబినెట్ ముట్టుకునే పిల్లలకు అది ప్రాణాపాయం. అదే లీకేజీ యూఎస్‌బీ, హెచ్‌డీఎంఐ తీగల గుండా పోయి పోర్టులను కూడా కాల్చేస్తుంది.

ముందు చూడాల్సింది ప్లగ్ పెట్టే చోటు. రెండు పిన్నుల ఎక్స్‌టెన్షన్ బాక్సులో పెట్టి ఉంటే ఎర్త్ అక్కడే తెగిపోయింది. మూడు పిన్నుల గోడ సాకెట్‌లోనే పెట్టి ఉంటే ఎలక్ట్రీషియన్‌ను పిలిచి ఎర్త్ గుంత చూపించండి. మన నేల ఎండాకాలం నెర్రెలు విచ్చేలా ఎండిపోతుంది. ఎండిన మట్టిలో కరెంటు సరిగ్గా దిగదు. ఉప్పు, బొగ్గు వేసిన పాత గుంతలకు వారానికి ఒకసారి రెండు బిందెల నీళ్లు పోసే అలవాటు మన పెద్దవాళ్లకు ఉండేది. ఇప్పుడు దాని మీద బండలు పరిచి మరిచిపోతున్నారు.

రెండోది ఆ ఎస్‌ఎంపీఎస్. 450 వాట్లు అని రాసి ఉన్నా నమ్మొద్దు. స్టిక్కర్ మీద 12 వోల్టుల గడిలో ఎన్ని ఆంపియర్లు ఉన్నాయో చూడు. అక్కడ 16 ఉంటే 12ను 16తో గుణించు, 192 వాట్లు. ప్రాసెసర్‌కూ కార్డుకూ అందేది అదే. మిగతా వాట్లు 3.3, 5 వోల్టుల లైన్ల లెక్క కలిపి రాసిన అంకె. 80 ప్లస్ గుర్తు ఉంటే మంచిదే, కానీ అది ఎంత కరెంటు వృథా కాకుండా వాడుతుందో చెప్పేదే. షార్ట్ అయితే ఆపేసే రక్షణ ఉందా లేదా అన్నది దాంతో తెలియదు. పేరున్న కంపెనీది, ఐదేళ్ల వారంటీ ఉన్నది కొంటే ఆ రక్షణలు ఉంటాయి.

మీ ఇంట్లో ఇన్వర్టర్ ఉందా?

హంద్రీ_ఒడ్డు | కర్నూలు | 25 నవంబర్ 2025, ఉదయం 6:50

ఉందన్నా. కరెంటు పోయినప్పుడల్లా ఫ్యాన్లు ఆగవు గానీ పీసీ మాత్రం రీస్టార్ట్ అవుతుంది. ప్లగ్ రాత్రే తీసేశాను. ఎక్స్‌టెన్షన్ బాక్సు రెండు పిన్నులదే.

సీమ_సర్వీస్ | అనంతపురం | 25 నవంబర్ 2025, మధ్యాహ్నం 1:10

ఇన్వర్టర్ వెనకాల చిన్న స్విచ్ ఉంటుంది, ఒక పక్క యూపీఎస్ అని, ఇంకో పక్క ఎకో అని. కొన్నిటికి వేరే పేరు ఉంటుంది. దాన్ని యూపీఎస్ వైపు పెడితే మారే సమయం తగ్గుతుంది, పీసీ ఆగకపోవచ్చు. కొత్త ఎస్‌ఎంపీఎస్‌లలో యాక్టివ్ పీఎఫ్‌సీ అనే, కరెంటు తీసుకునే తీరును సరిచేసే సర్క్యూట్ ఉంటుంది. వాటిలో కొన్ని స్క్వేర్ వేవ్ ఇన్వర్టర్ మీద సరిగ్గా నడవవు. సైన్ వేవ్ అయితే ఇబ్బంది లేదు. మీది ఏదో పెట్టె మీద చూసుకోండి.

ఉగ్గాని_బజ్జి | నంద్యాల | 25 నవంబర్ 2025, రాత్రి 8:40

సర్వీస్ అన్న చెప్పింది అయ్యాక, పేస్ట్ సంగతి. హీట్ సింక్ పూర్తిగా తీసేయి. పాత పేస్ట్‌ను ఐసోప్రొపైల్ ఆల్కహాల్ వేసిన మెత్తటి గుడ్డతో తుడువు. శెనగ గింజలో సగం అంత కొత్త పేస్ట్ మధ్యలో పెట్టు, పులమక్కర్లేదు. పిన్నులను ఎదురెదురుగా రెండేసి చొప్పున నొక్కు. నాలుగూ టిక్ మనాలి. తర్వాత బోర్డు వెనక నుంచి చూస్తే నాలుగు నల్లటి కొసలు సమానంగా బయటికి వచ్చి కనిపించాలి. చాలామంది ఈ చివరి పని చేయరు, నెల తిరక్కుండానే మళ్లీ లేస్తుంది.

హంద్రీ_ఒడ్డు | కర్నూలు | 30 నవంబర్ 2025, సాయంత్రం 5:30

అన్నా, అక్కా, మీ ఇద్దరికీ చేతులెత్తి దండం పెడుతున్నాను.

ఎలక్ట్రీషియన్ వచ్చాడు. ఎర్త్ తీగ మీటర్ బోర్డు దగ్గరే తెగిపోయి ఉంది. ఎన్నేళ్లుగా అలా ఉందో. సరిచేసి, గుంతలో నీళ్లు పోయించి, పీసీకి మూడు పిన్నుల సాకెట్ పెట్టించాను. జుమ్మనడం పూర్తిగా పోయింది. అమ్మ వాషింగ్ మెషీన్ తాకినప్పుడల్లా తడి చేతుల వల్ల అనుకునేదట, అదీ పోయింది.

పేస్ట్ 150 రూపాయలు. ప్రాసెసర్ ఇప్పుడు 68 డిగ్రీలు దాటట్లేదు. ఆట మధ్యలో ఆగిపోవడం లేదు. వాలొరంట్ తక్కువ సెట్టింగుల్లో హాయిగా నడుస్తోంది. ఇన్వర్టర్ స్విచ్ మార్చాక రీస్టార్ట్ కూడా అవ్వలేదు.

కానీ జీటీఏ 5 ఆడుతుంటే ర్యామ్ 8 జీబీలో 7.5 నిండిపోతోంది, డిస్క్ వంద శాతంలో ఉంటోంది. విండోస్ సంగతి అలాగే ఉంది. 30 వేలు ఇంకా చేతిలోనే ఉన్నాయి. ఇప్పుడు చెప్పండి, ఏం చేయాలి?

ఏడురోడ్లు | కడప | 30 నవంబర్ 2025, సాయంత్రం 6:00

నా మొదటి మాట తొందరపాటుదే, ఒప్పుకుంటున్నా. వేడి సంగతి నాకు తట్టలేదు. ఇప్పుడైతే ఐ7-4790, 16 జీబీ ర్యామ్, ఎస్‌ఎస్‌డీ, మంచి ఎస్‌ఎంపీఎస్, ఏదైనా కార్డు వేసుకోవచ్చు కదా?

ఉగ్గాని_బజ్జి | నంద్యాల | 30 నవంబర్ 2025, రాత్రి 9:15

ఎస్‌ఎస్‌డీ, ఎస్‌ఎంపీఎస్ సరే, అవి రేపు ఇంకో పీసీకి పనికొస్తాయి. ఐ7-4790, డీడీఆర్3 ర్యామ్ మాత్రం వద్దు. అవి ఆ బోర్డుతోనే పోతాయి. ఇప్పుడు వాటి మీద పెట్టే ప్రతి వెయ్యీ ముగిసిపోయిన దారిలో పెట్టినట్టే.

విండోస్ 10 సపోర్ట్ అక్టోబర్ 14న ముగిసింది. విండోస్ 11 అధికారికంగా నడవాలంటే ఇంటెల్‌లో కనీసం ఎనిమిదో తరం ప్రాసెసర్, టీపీఎం 2.0 అనే భద్రతా ఏర్పాటు ఉండాలి. నాలుగో తరంలో ఎంత పెద్ద ప్రాసెసర్ అయినా ఆ గీతకు ఇవతలే. అడ్డదారిలో ఎక్కించవచ్చు, కానీ విండోస్ 11లో వాలొరంట్ నడవాలంటే టీపీఎం 2.0, సెక్యూర్ బూట్ (పీసీ తెరుచుకునేటప్పుడే నమ్మదగిన సాఫ్ట్‌వేర్ అని చూసే రక్షణ) రెండూ ఉండాల్సిందే. మీ తమ్ముడు ఆడేదే అది.

గ్రాఫిక్స్ వైపూ అంతే. 750 టీఐ 2014లో వచ్చిన మ్యాక్స్‌వెల్ తరం కార్డు. మ్యాక్స్‌వెల్‌కూ, 1050 టీఐ, 1060 ఉన్న పాస్కల్ తరానికీ కొత్త ఆటల డ్రైవర్లు ఈ అక్టోబర్‌తో ఆపేస్తున్నట్టు ఆ కార్డుల కంపెనీ ఎన్‌విడియా ముందే చెప్పింది. ఇకపై 2028 దాకా సెక్యూరిటీ డ్రైవర్లు మాత్రమే. కాబట్టి సెకండ్ హ్యాండ్‌లో 1060 చవగ్గా వస్తోందని కూడా మోజు పడొద్దు.

ఇక చాలామంది గమనించని సంగతి హెచ్81 బోర్డు. నాలుగో తరం ప్రాసెసర్ పీసీఐఈ (ప్రాసెసర్‌కూ కార్డుకూ మధ్య దారి) 3.0 వేగం ఇవ్వగలదు, కానీ హెచ్81లో గ్రాఫిక్స్ స్లాట్ 2.0 వేగానికే ఆగిపోతుంది. పాత కార్డులు ఆ దారిలో 16 లేన్లు (వరుసలు) వాడేవి కాబట్టి తేడా తెలిసేది కాదు. ఇప్పటి చవక కార్డులు 8 లేన్లే వాడతాయి, ఆర్‌ఎక్స్ 6500 ఎక్స్‌టీ అయితే నాలుగే. దాన్ని ఈ బోర్డులో పెడితే కార్డుకు కట్టిన డబ్బులో చాలా భాగం స్లాట్ దగ్గరే ఆగిపోతుంది. ఇంటెల్ ఆర్క్ కార్డులకు రీసైజబుల్ బార్ (కార్డు మెమరీ మొత్తాన్ని ప్రాసెసర్ ఒకేసారి అందుకునే సదుపాయం) కావాలి, అది దీంట్లో లేదు.

బురుజు_కింద | కర్నూలు | 1 డిసెంబర్ 2025, ఉదయం 8:00

సెకండ్ హ్యాండ్ మాట వచ్చింది కాబట్టి నా అనుభవం చెప్తా. నాలాగా ఇంకెవరూ మోసపోకూడదు. నాలుగేళ్ల కింద ఆన్‌లైన్‌లో ఒకాయన దగ్గర 1050 టీఐ 4 జీబీ కొన్నాను. బస్ స్టాండ్‌లో కలిసి, డబ్బిచ్చి, కార్డు తీసుకున్నాను. ఇంటికొచ్చి పెడితే పేరు 1050 టీఐ అనే వస్తోంది, ఆట మాత్రం నడవట్లేదు. కార్డు వివరాలు చూపే జీపీయూ-జెడ్ సాఫ్ట్‌వేర్ వేస్తే పేరు ముందు ఫేక్ అని చూపించింది. ఎప్పటిదో పాత కార్డుకు బయాస్ (కార్డు లోపల ఉండే సాఫ్ట్‌వేర్) మార్చి అమ్మాడు. ఫోన్ చేస్తే ఎత్తలేదు. అది అమ్మ దాచుకున్న డబ్బు. ఇప్పటికీ బాధగా ఉంటుంది.

కార్డు వాళ్ల పీసీలోనే నడిపించి చూపించమనండి. జీపీయూ-జెడ్ చూడండి. ఆర్‌ఎక్స్ 580 అయితే షేడర్లు (కార్డు లోపల లెక్కలు చేసే చిన్న యూనిట్లు) 2304 ఉండాలి. 2048 ఉంటే అదే పేరుతో వచ్చిన తక్కువ రకం. కార్డు మీద పూర్తి బరువు వేసి పరీక్షించే ఫర్‌మార్క్ ఇరవై నిమిషాలు నడిపి చుక్కలు, గీతలు వస్తున్నాయేమో చూడండి. బిల్లు అడగండి. ఇవేవీ కుదరవన్న చోట కొనొద్దు.

గడియారస్తంభం | అనంతపురం | 1 డిసెంబర్ 2025, రాత్రి 9:00

నా సలహా రైజెన్ 5 5600 ప్రాసెసర్, బీ450 లేదా బీ550 బోర్డు, 16 జీబీ డీడీఆర్4. ఆరు కోర్లు, పన్నెండు థ్రెడ్లు, 65 వాట్లే. ఇప్పుడు నీ 750 టీఐ అందులో పెట్టుకుని నడిపించు, ఆరు నెలల తర్వాత ఆర్‌ఎక్స్ 6600 కొను. అది 132 వాట్ల కార్డు, ఫుల్ హెచ్‌డీకి దాన్ని మించిన చవక మార్గం నాకు కనిపించట్లేదు. నేను బెంగళూరు ఎస్పీ రోడ్‌లో తెచ్చుకున్నాను, పొద్దున బస్సెక్కి రాత్రికి ఇంట్లో ఉన్నాను.

ఒక్కటే ఇబ్బంది. ర్యామ్ ధర. ఏఐ డేటా సెంటర్లకు మెమరీ అంతా మళ్లుతోందని ఈ మూడు నెలల్లో విపరీతంగా పెరిగింది. ఎండాకాలంలో నేను కొన్న అదే 16 జీబీ కిట్ నిన్న చూస్తే రెండింతలు దాటింది.

హంద్రీ_ఒడ్డు | కర్నూలు | 2 డిసెంబర్ 2025, రాత్రి 10:10

గడియారస్తంభం అన్నా, నీ లెక్క కాగితం మీద వేసి చూశాను. ప్రాసెసర్, బోర్డు, ర్యామ్, ఎస్‌ఎస్‌డీ, ఎస్‌ఎంపీఎస్ కలిపితేనే 30 వేలు దాటుతోంది, అదీ కార్డు లేకుండానే. తమ్ముడికి ఇంకో ఏడాది 750 టీఐ అంటే సరిపెట్టుకుంటాడు గానీ, ర్యామ్ ధర చూస్తే మనసొప్పట్లేదు.

సీమ_సర్వీస్ | అనంతపురం | 3 డిసెంబర్ 2025, రాత్రి 9:45

తమ్ముడూ, ర్యామ్ విడిగా కొనకుండా, ర్యామ్ ఉన్న మెషీన్‌నే కొను.

పెద్ద కంపెనీలు మూడు నాలుగేళ్లకు ఒకసారి ఆఫీస్ కంప్యూటర్లు మారుస్తాయి. అలా బయటికి వచ్చిన డెల్ ఆప్టిప్లెక్స్, హెచ్‌పీ ఎలైట్‌డెస్క్ లాంటివి సికింద్రాబాద్‌లోనూ బెంగళూరులోనూ వరుసగా పేర్చి అమ్ముతారు. ఐ5-8500 ఉన్నది అడుగు. ఆరు కోర్లు, ఎనిమిదో తరం, టీపీఎం 2.0 ఉంటుంది, విండోస్ 11 అధికారికంగా ఎక్కుతుంది. 16 జీబీ ర్యామ్, ఎస్‌ఎస్‌డీ అందులోనే వస్తాయి. కొన్నప్పటి విండోస్ కీ బోర్డులోనే ఉంటుంది కాబట్టి దానికి వేరే ఖర్చు లేదు.

టవర్ సైజే తీసుకో. సన్నటి పెట్టె వద్దు, అందులో మామూలు ఎత్తు కార్డు పట్టదు. టవర్‌లో కూడా ఎస్‌ఎంపీఎస్ చిన్నదే, 260 వాట్ల దగ్గర ఉంటుంది, కార్డుకు విడిగా కరెంటు తీగ ఉండదు. కాబట్టి స్లాట్ నుంచే కరెంటు తీసుకునే కార్డు కావాలి. ఆర్‌టీఎక్స్ 3050 6 జీబీ అలాంటిదే, 70 వాట్లు. అదే పేరుతో 8 జీబీది కూడా ఉంది, దానికి 130 వాట్లు, విడిగా తీగ కావాలి. షాపులో రెండూ ఒకటే అన్నట్టు చెప్తారు, జాగ్రత్త. 6 జీబీలోనే, కనెక్టర్ లేని మోడలే అడుగు.

గడియారస్తంభం | అనంతపురం | 3 డిసెంబర్ 2025, రాత్రి 10:20

సీమ అన్నా, మీరంటే గౌరవం ఉంది, కానీ దీనికి నేను ఒప్పుకోను. ఆ బోర్డు, ఆ ఎస్‌ఎంపీఎస్ కంపెనీ సొంత కొలతలవి. పోతే అదే రకం వెతకాలి. రేపు పెద్ద కార్డు పెట్టాలంటే కుదరదు. 3050 6 జీబీ కంటే 6600 చాలా వేగం. ఆ మెషీన్ కొన్న రోజునే దాని దారి మూసుకుపోతుంది.

సీమ_సర్వీస్ | అనంతపురం | 3 డిసెంబర్ 2025, రాత్రి 10:55

నువ్వన్నవన్నీ నిజమే. 45 వేలు ఉంటే నేనూ నీ మాటే చెప్పేవాణ్ని. ఉన్నది 30. ఆడేది వాలొరంట్, జీటీఏ 5. ఇంట్లో ముగ్గురు వాడాలి. ఈ ధరల్లో సగం పీసీ కట్టి ఏడాది ఆగడం కంటే, ఇవాళ పూర్తిగా పనిచేసేది తెచ్చుకోవడం మేలు అని నా ఉద్దేశం. ఆఫీస్ మెషీన్ల బోర్డులు గట్టివి. నా దగ్గరికి రిపేరుకు వచ్చేవి తక్కువ.

ప్రొద్దుటూరు_పిల్లోడు | ప్రొద్దుటూరు | 4 డిసెంబర్ 2025, సాయంత్రం 4:30

మధ్యలో అడుగుతున్నందుకు ఏమీ అనుకోవద్దు. ఈ డబ్బుకు గేమింగ్ ల్యాప్‌టాప్ రాదా అన్నా?

ఉగ్గాని_బజ్జి | నంద్యాల | 4 డిసెంబర్ 2025, రాత్రి 8:10

కొత్తది రాదు. పాతది కొంటే బ్యాటరీ, లోపలి వేడి రెండూ నీ నెత్తిన పడతాయి. మన మే నెల ఎండలో గది ఉష్ణోగ్రతే నలభై దగ్గర ఉంటే ల్యాప్‌టాప్ ఊపిరాడక వేగం తగ్గించేసుకుంటుంది. నీది విడిగా ఒక చర్చ మొదలుపెట్టు, నేను వచ్చి రాస్తాను.

గడియారస్తంభం | అనంతపురం | 5 డిసెంబర్ 2025, రాత్రి 9:30

మొన్న 3న వచ్చిన వార్త చూశారా? మైక్రాన్ కంపెనీ క్రూషియల్ పేరుతో మనలాంటి వాళ్లకు అమ్మే ర్యామ్, ఎస్‌ఎస్‌డీల వ్యాపారం నుంచి తప్పుకుంటోంది. ఫిబ్రవరి దాకా సరుకు పంపి ఆపేస్తారట. ఇక ర్యామ్ ధర ఇప్పట్లో దిగుతుందని నాకు నమ్మకం లేదు.

హంద్రీ_ఒడ్డు తమ్ముడూ, రెండు రోజులు ఆలోచించాను. నీ పరిస్థితికి సీమ అన్న మాటే సరి. వెళ్లేటప్పుడు ఈ నాలుగు సంగతులు మరవకు: పీసీ బయాస్‌కు (విండోస్ కంటే ముందు తెరుచుకునే సెట్టింగులు) పాస్‌వర్డ్ ఉందేమో చూడు, ఉంటే అక్కడే తీయించు. ర్యామ్ 8 జీబీవి రెండు స్టిక్కులు ఉండాలి, 16 జీబీది ఒకటే వద్దు. క్రిస్టల్‌డిస్క్ఇన్ఫోలో ఎస్‌ఎస్‌డీ ఆరోగ్యం చూడు. కార్డు పొడవు, క్యాబినెట్ లోపలి చోటు టేపుతో కొలుచుకో.

హంద్రీ_ఒడ్డు | కర్నూలు | 14 డిసెంబర్ 2025, రాత్రి 8:15

నిన్న తెల్లవారుజామున తమ్ముణ్ని వెంటబెట్టుకుని బస్సెక్కాను. సికింద్రాబాద్ పార్క్‌లేన్‌లో, అందరూ సీటీసీ అనే చెనాయ్ ట్రేడ్ సెంటర్ చుట్టుపక్కల నాలుగు షాపులు తిరిగాం. మొదటి షాపులో బయాస్ పాస్‌వర్డ్ తీయడం కుదరదన్నారు, బయటికి వచ్చేశాం. రెండో చోట ర్యామ్ ఒకటే స్టిక్. మూడో షాపతను మేం అడిగినవన్నీ విసుక్కోకుండా చూపించాడు. ఆప్టిప్లెక్స్ టవర్, ఐ5-8500, 8 జీబీవి రెండు, 256 జీబీ ఎస్‌ఎస్‌డీ, ఆరు నెలల షాపు వారంటీతో 15,500. కార్డు మాత్రం కొత్తదే తీసుకున్నాం, ఆర్‌టీఎక్స్ 3050 6 జీబీ, మూడేళ్ల వారంటీ, 16,800. అక్కడే పెట్టించి ఫర్‌మార్క్ ఇరవై నిమిషాలు నడిపించాం. టేపు నేను మరిచిపోయాను, తమ్ముడు జేబులో తెచ్చాడు.

మొత్తం 32,300. పైన పడిన 2,300కి 750 టీఐ అమ్మేశాను. ఇక్కడే కాలేజీ కుర్రాడు కొన్నాడు. జీపీయూ-జెడ్, ఫర్‌మార్క్ రెండూ నడిపి చూపించే ఇచ్చాను, డ్రైవర్ల సంగతి కూడా చెప్పే ఇచ్చాను.

ఇంటికొచ్చాక విండోస్ 11 ఎక్కించి టీపీఎం, సెక్యూర్ బూట్ ఆన్‌లో ఉన్నాయని చూసుకున్నాను. వాలొరంట్ మానిటర్ చూపగలిగినంత వేగంతో నడుస్తోంది. జీటీఏ 5 హై సెట్టింగుల్లో గంటన్నర ఆడాం, ప్రాసెసర్ 71, కార్డు 66 డిగ్రీలు. టేబుల్‌ను కూలర్ గాలికి దూరంగా కిటికీ అవతలి మూలకు జరిపాను.

పాత పీసీ చెల్లెలికి ఇచ్చాను. ప్రాసెసర్‌లో ఉన్న గ్రాఫిక్స్ తన చదువుకు చాలు. కానీ ఆ ఎస్‌ఎంపీఎస్ గురించి భయం పోలేదు. సీమ అన్నా, కార్డు లేదు కాబట్టి ఇంకొన్నాళ్లు నడిపించవచ్చా?

సీమ_సర్వీస్ | అనంతపురం | 14 డిసెంబర్ 2025, రాత్రి 9:00

బరువు తగ్గింది, ప్రమాదం తగ్గలేదు. అందులోని కెపాసిటర్లకు పదేళ్లు. చెల్లెలి చేతికి ఇచ్చే మెషీన్ కదా, వచ్చే జీతంలో ముందు అది మార్చు. పేరున్న కంపెనీది 450 వాట్లది చాలు. అప్పటిదాకా వాడనప్పుడు ప్లగ్ తీసి పెట్టమను.

ఉగ్గాని_బజ్జి | నంద్యాల | 14 డిసెంబర్ 2025, రాత్రి 9:25

చెల్లెలి పీసీలో విండోస్ 10 ఉంటుంది కాబట్టి సెట్టింగ్స్‌లో అప్‌డేట్ పేజీలో ఈఎస్‌యూ అనే అదనపు సెక్యూరిటీ అప్‌డేట్ల పథకంలో చేర్చు. మైక్రోసాఫ్ట్ ఖాతాతో సెట్టింగ్స్ సింక్ చేస్తే ఉచితమే. 2026 అక్టోబర్ 13 దాకా సెక్యూరిటీ అప్‌డేట్లు వస్తాయి. ఆ లోపు విండోస్ బదులు వాడుకునే లినక్స్ మింట్ నేర్పిద్దాం, డిగ్రీ పనికి అది చాలు. ఆ హార్డ్ డిస్క్ తీసేసి చిన్న సాటా ఎస్‌ఎస్‌డీ పెట్టు, తన చదువు తనకు తొందరగా తెరుచుకుంటుంది.

హంద్రీ_ఒడ్డు | కర్నూలు | 11 జనవరి 2026, మధ్యాహ్నం 12:20

ఎస్‌ఎంపీఎస్ మార్చాను. పాతది తెరిచి చూశాను, రెండు కెపాసిటర్ల నెత్తి ఉబ్బి గోధుమరంగు మరక కారి ఉంది. చెల్లెలి పీసీకి 240 జీబీ ఎస్‌ఎస్‌డీ వేసి, ఈఎస్‌యూలో చేర్చాను.

సంక్రాంతికి పాత పీసీని ఊరికి తీసుకెళ్తున్నాం. నాన్న చూస్తానన్నాడు, అది ఇంకా నడుస్తోందంటే నమ్మట్లేదు. పత్తికొండ ఇంట్లో ఎర్త్ ఎలా ఉందో అన్నిటికంటే ముందు చూస్తాను.